గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ జాగాలో ఆస్పత్రి: మార్కెట్ ఎందుకు కదిలింది, ఎక్కడికి పోయింది, మీకేంటి సంబంధం?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వైపు మెట్రోలో వెళ్తుంటే, విక్టోరియా మెమోరియల్ స్టేషన్ దగ్గర్లో ఓ భారీ ఆస్పత్రి భవనం కనిపిస్తుంది. నగరానికి కొత్తగా వచ్చినవాళ్లకు అది టిమ్స్. కానీ బస్సు కండక్టర్లు, ఆటోవాళ్లు మాత్రం ఆ చోటుని 'పండ్ల మార్కెట్' అనే అంటారు. అక్కడ పండ్లు లేకుండా పోయి ఏళ్లు గడిచినా పేరు మాత్రం పోలేదు.

మీరు హైదరాబాద్‌లో తిన్న బంగినపల్లి మామిడి, బత్తాయి, పుచ్చకాయల్లో చాలా భాగం 35 ఏళ్ల పాటు ఈ జాగా మీదుగానే మీ ఇంటికి వచ్చాయి. ఇప్పుడు ఇదే జాగా వెయ్యి పడకల ఆస్పత్రి కోసం మారింది. ఒక ప్రజా సేవను తీసేసి మరో ప్రజా సేవను పెట్టడం అన్నమాట. ఇలాంటి మార్పులో ఏ నిర్ణయం ఎవరు తీసుకుంటారు, ఖర్చు ఎవరి మీద పడుతుంది, మీరు ఏ కాగితాలు అడిగి చూడొచ్చు అన్నది ఈ కథనం.

అసలు అది ఊరి బయట మార్కెట్

ఇప్పుడు కొత్తపేట నగరం నడిబొడ్డులా అనిపిస్తుంది గానీ, మార్కెట్ పెట్టినప్పుడు అది శివారు. అంతకుముందు హైదరాబాద్ పండ్ల వ్యాపారం మొజంజాహీ మార్కెట్, జాంబాగ్ చుట్టూ ఉండేది. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ అందమైన రాతి కట్టడమే. అయితే లారీలు వచ్చి సరుకు దించి తిప్పుకునే చోటు మాత్రం కాదు. ఎడ్లబండ్ల కాలానికి సరిపోయిన మార్కెట్‌కి లారీల కాలం బరువైంది. దాంతో టోకు వ్యాపారాన్ని విజయవాడ హైవే పక్కకు తరలించారు. 1986లో సుమారు 22 ఎకరాల్లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ మొదలైంది.

అప్పట్లో గడ్డిఅన్నారం హైదరాబాద్ కార్పొరేషన్‌లో భాగం కాదు, వేరే మున్సిపాలిటీ. పక్కన ఎల్బీనగర్‌దీ అదే పరిస్థితి. 2007లో 12 శివారు మున్సిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ ఏర్పాటు చేసినప్పుడు ఇవి రెండూ మహానగరంలో కలిశాయి. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ వరకు మెట్రో వచ్చింది. అంటే ఊరి బయట పెట్టిన మార్కెట్ ఎక్కడికీ కదల్లేదు. ఊరే దాని చుట్టూ పెరిగి, చివరికి దాన్ని దాటిపోయింది. మొజంజాహీ మార్కెట్‌కు ఏ కష్టం వచ్చిందో, సరిగ్గా అదే కష్టం మూడు దశాబ్దాల తర్వాత దీనికీ వచ్చింది.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా మామిడి సీజన్‌లో ఆ రోడ్డు మీద ప్రయాణించినవాళ్లకు ఈ కష్టం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. రాత్రంతా లారీలు, డీసీఎంలు వచ్చేవి. తెల్లవారుజాము నుంచి వేలం. పొద్దెక్కే సమయానికి ఆటో ట్రాలీలు, తోపుడు బండ్లు. లోపల జాగా చాలక హైవే మీదకే వ్యాపారం వచ్చేది. గడ్డి, మురిగిపోయిన పండ్ల వాసన చుట్టుపక్కల కాలనీలకు అలవాటైపోయింది.

మరో సమస్య కార్బైడ్. కాయలను త్వరగా మగ్గించడానికి క్యాల్షియం కార్బైడ్ వాడకంపై 2015లో హైకోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టింది. అప్పటి నుంచి గడ్డిఅన్నారం పేరు పదేపదే వార్తల్లోకెక్కింది. దేశంలో కార్బైడ్‌తో మగ్గించడం నిషేధం. ఇథిలీన్ వాయువును పరిమితి మేరకు వాడొచ్చు. కానీ ఇథిలీన్‌తో మగ్గించాలంటే మూసి ఉంచే గదులు, ఉష్ణోగ్రత నియంత్రణ, జాగా కావాలి. జాగానే లేని మార్కెట్‌లో నిబంధన అమలు చేయడం ఎంత కష్టమో ఊహించండి.

ముందు మార్కెట్ తరలింపు, తర్వాతే ఆస్పత్రి

చాలామంది 'ఆస్పత్రి కోసం మార్కెట్‌ను లేపేశారు' అనుకుంటారు. వరుస క్రమం చూస్తే అది సగమే నిజం. మార్కెట్‌ను ఔటర్ రింగ్ రోడ్డు వైపు తరలించాలన్న ఆలోచన ఆస్పత్రి మాట రాకముందే ఉంది. రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం కొహెడలో 178 ఎకరాలు దీనికోసం కేటాయించారు. పాత మార్కెట్‌తో పోలిస్తే ఎనిమిది రెట్లు. కోల్డ్ స్టోరేజీలు, మగ్గించే గదులు, లారీల పార్కింగ్, రైతుల విశ్రాంతి గదులు అన్నీ అక్కడ వస్తాయన్నది ప్రణాళిక.

అయితే జాగా కేటాయించడం వేరు, మార్కెట్ కట్టడం వేరు. ఈ తేడా ఏమిటో 2020లో ఒక గాలివాన చూపించింది. కోవిడ్ లాక్‌డౌన్‌లో మామిడి సీజన్ వచ్చింది. గడ్డిఅన్నారంలో జనం గుమిగూడితే ప్రమాదమని, కొహెడలో తాత్కాలిక షెడ్లు వేసి మామిడి వ్యాపారాన్ని అక్కడికి పంపారు. మే మొదటి వారంలో ఈదురుగాలులకు ఆ షెడ్లు కూలిపోయాయి. రైతులు, హమాలీలు, వ్యాపారులు గాయపడ్డారు. గుట్టల మధ్య బయలు ప్రదేశంలో వేసవి గాలివానలు ఎంత బలంగా వస్తాయో లెక్క వేసుకోకుండా రేకులు నిలబెట్టిన ఫలితం అది. మార్కెట్ మళ్లీ కొత్తపేటకే వచ్చింది.

ఇక్కడే ఆస్పత్రి కథ మొదలవుతుంది. 2020లోనే గచ్చిబౌలి స్పోర్ట్స్ విలేజ్ భవనాన్ని కోవిడ్ ఆస్పత్రిగా మార్చి, దానికి టిమ్స్ అని పేరు పెట్టారు. తెలంగాణ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ అన్న పేరుకు కుదింపు అది. అదే ఏడాది జూలైలో వాన నీళ్లు ఉస్మానియా జనరల్ ఆస్పత్రి పాత భవనంలోని వార్డుల్లోకి చేరాయి. ఆ భవనాన్ని ఖాళీ చేయించి మూసేశారు. నగరానికి రెండో ఆధారమైన గాంధీ అప్పటికి పూర్తిగా కోవిడ్ ఆస్పత్రిగా మారిపోయింది. పేదవాడికి పెద్ద జబ్బు చేస్తే వెళ్లడానికి మిగిలిన తలుపులు ఎన్నో అప్పుడు అందరికీ అర్థమైంది.

2021 నాటికి నగరం నాలుగు దిక్కులా పెద్ద ఆస్పత్రులు ఉండాలని నిర్ణయించారు. గచ్చిబౌలితో పాటు ఎర్రగడ్డ, అల్వాల్, గడ్డిఅన్నారం. నగరంలో 20 ఎకరాలకు పైగా ఒకే ముక్కగా, హైవే మీద, మెట్రో పక్కన, అదీ ప్రభుత్వ ఆధీనంలో ఉన్న జాగా అంటే దొరకడం కష్టం. మార్కెట్‌ను ఎలాగూ తరలిస్తున్నారు కాబట్టి కళ్లు దాని మీద పడ్డాయి. నిర్ణయంలో తర్కం ఉంది. కాకపోతే మార్కెట్ పోవాల్సిన చోటు అప్పటికి సిద్ధంగా లేదు.

బాటసింగారం అనే మధ్య మజిలీ

2021 సెప్టెంబరు చివర్లో కొత్తపేట మార్కెట్ గేట్లు మూతపడ్డాయి. కొహెడ సిద్ధమయ్యే దాకా వ్యాపారం బాటసింగారంలో జరుగుతుందన్నారు. విజయవాడ హైవే మీద ఔటర్ దాటాక, కొత్తపేట నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో హెచ్ఎండీఏ పబ్లిక్ ప్రైవేట్ భాగస్వామ్యంలో కట్టించిన లాజిస్టిక్స్ పార్కు అది. విస్తీర్ణం 40 ఎకరాలు. అందులో కొంత భాగాన్ని మార్కెట్‌కు ఇచ్చారు.

లాజిస్టిక్స్ పార్కు అంటే గోదాములు, లారీ టెర్మినల్. అట్టపెట్టెలు నిల్వ చేయడానికి అది చక్కని చోటే. పండ్ల మార్కెట్ అవసరాలు వేరు. పండ్లు గుట్టలుగా పోసి గ్రేడింగ్ చేయడానికి నీడ కావాలి, నీళ్లు కావాలి, రాత్రి వచ్చే రైతు పడుకోవడానికి చోటు కావాలి, కుళ్లిన సరుకు రోజూ తీసే ఏర్పాటు కావాలి. ఈ సౌకర్యాలు లేవనే కమీషన్ ఏజెంట్లు అభ్యంతరం చెప్పారు. వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. పాత మార్కెట్‌లో ఉన్న తమ సామాన్లు తీసుకోవడానికి వ్యాపారులకు గడువు ఇవ్వాలని, అందుకోసం గేట్లు తెరవాలని 2022 ఫిబ్రవరిలో కోర్టు చెప్పింది. మార్చిలో కూల్చివేతలు మొదలైనప్పుడు వాటిని ఆపమంటూ మళ్లీ జోక్యం చేసుకుంది. ఏప్రిల్ 26న అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్ రావు గడ్డిఅన్నారం, అల్వాల్, ఎర్రగడ్డ ఆస్పత్రులకు శంకుస్థాపన చేశారు.

తరలింపు మంచిదా చెడ్డదా అన్నది ఒక ప్రశ్న. ఎలా తరలించారు అన్నది వేరే ప్రశ్న. కోర్టులో నలిగింది ప్రధానంగా రెండోది. కొత్త చోటు కట్టి, సౌకర్యాలు చూపించి, తేదీ చెప్పి, ఆ తర్వాత పాత గేటుకు తాళం వేసి ఉంటే ఈ గొడవలో సగం ఉండేది కాదు.

తాత్కాలికం అన్న బాటసింగారంలోనే 2022 నుంచి వరుసగా మామిడి సీజన్లు గడిచాయి. మన దగ్గర 'తాత్కాలికం' అన్న మాటకు గడువు తేదీ ముద్రించరు కదా!

జాగా ఎవరిది? దుకాణం ఎవరిది?

ఒక ప్రైవేటు సూపర్‌మార్కెట్ మూతపడితే సంగతి తేలిక. భవనం యజమానిది. అమ్ముకుంటాడు, కూల్చుకుంటాడు, అనుమతులుంటే అపార్టుమెంట్లు కట్టుకుంటాడు. లండన్ శివారు గ్రీనిచ్‌లో సెయిన్స్‌బరీస్ సంస్థ 1999లో పర్యావరణహితంగా కట్టిన సూపర్‌మార్కెట్ ఇందుకు పేరున్న ఉదాహరణ. బ్రిటన్‌లో గొప్పదిగా భావించే స్టిర్లింగ్ నిర్మాణ పురస్కారం తుది జాబితాలోకి కూడా ఎక్కింది. కంపెనీ దగ్గర్లోనే పెద్ద దుకాణం తెరిచి దాన్ని వదిలేసింది. భవనాన్ని కాపాడాలని కొందరు పోరాడినా నిలబడలేదు. ఇరవై ఏళ్లు నిండకుండానే కూల్చేసి, ఆ చోట 2019లో ఐకియా స్టోర్ తెరిచారు. స్థానికులు అభిప్రాయాలు చెప్పగలిగారు, అంతవరకే.

వ్యవసాయ మార్కెట్ యార్డు అలా కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1966లో వచ్చిన వ్యవసాయోత్పత్తులు, పశుసంపద మార్కెట్ల చట్టాన్నే తెలంగాణ కొనసాగిస్తోంది. ఆ చట్టం కింద ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని మార్కెట్ ఏరియాగా ప్రకటిస్తుంది. దానికి వ్యవసాయ మార్కెట్ కమిటీ ఉంటుంది. యార్డు నిర్వహణ, లైసెన్సులు, ఫీజు వసూలు దాని పని. సరుకు కొన్నవారి నుంచి విలువలో 1 శాతం మార్కెట్ ఫీజు వసూలు చేస్తారు. యార్డులో షెడ్లు, రోడ్లు, వేబ్రిడ్జీలు కట్టేది ఆ డబ్బుతోనే. అందుకే ఈ జాగాను కేవలం సర్కారు భూమి అనడం పూర్తిగా సరికాదు. దశాబ్దాల పాటు పండ్లు అమ్మిన, కొన్న, తిన్నవాళ్లందరి రూపాయీ అందులో ఉంది.

లోపల దుకాణం నడిపే కమీషన్ ఏజెంటు మాత్రం యజమాని కాదు. ఆయనకు ఉండేది కమిటీ ఇచ్చిన లైసెన్సు, కేటాయించిన షాపు. లైసెన్సు వ్యాపారం చేసుకునే హక్కు ఇస్తుంది, నేల మీద హక్కు ఇవ్వదు. తరతరాలుగా ఒకే షాపులో కూర్చున్నా అంతే. ప్రభుత్వం యార్డును మార్చగలదు. అయితే నోటీసు, సామాను తీసుకునే సమయం, కొత్త చోట షాపు కేటాయింపు లాంటి న్యాయమైన పద్ధతి పాటించాలి. పై కేసులో వ్యాపారుల బలమంతా ఈ రెండో వాక్యంలోనే ఉంది.

ఇక గేటు బయట తోపుడు బండి మీద పండ్లు అమ్మేవారి సంగతి ఇంకో చట్టం కిందికి వస్తుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వారిని తొలగించాలన్నా, వేరే చోటికి పంపాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మార్కెట్ తరలింపు వార్తల్లో వీళ్ల ప్రస్తావన దాదాపు కనిపించదు. మార్కెట్ పోతే వీళ్ల సరుకూ పోతుంది, కొనేవాళ్లూ పోతారు. దీనికి నోటీసు ఇచ్చేవారెవరూ లేరు.

హమాలీలు, సరుకు తూచే దడ్వాయిలు మార్కెట్ కమిటీ లైసెన్సులతో పనిచేస్తారు. జీతం ఉండదు. మోసిన బస్తాకో, దించిన డబ్బాకో ఇంత అని కూలి. పండ్లు ఏరి గ్రేడింగ్ చేసే ఆడవాళ్లకు ఆ లైసెన్సు కూడా చాలాసార్లు ఉండదు. పని తెల్లవారకముందే మొదలవుతుంది. కొత్తపేట చుట్టుపక్కల బస్తీల నుంచి నడిచి వచ్చే మనిషి, ఇప్పుడు 20 కిలోమీటర్లు ఆ వేళకు ఎలా చేరాలి? బస్సు లేని వేళ కాబట్టి షేర్ ఆటోయే దిక్కు. ఆ కిరాయి కూలిలోంచే పోతుంది.

పండు ధరలో దూరం ఎంత?

ఇక్కడ ఒక ఆసక్తికరమైన లెక్క ఉంది. నల్లగొండ బత్తాయి రైతుకు, విజయవాడ హైవే మీదుగా మామిడి తెచ్చే లారీకి బాటసింగారం నిజానికి దగ్గర. నగరం లోపలికి రాకుండానే సరుకు దించొచ్చు. పగటిపూట భారీ వాహనాలపై ఉండే ఆంక్షల బాధా తప్పుతుంది. మరోవైపు మెహిదీపట్నంలో, కూకట్‌పల్లిలో పండ్లు అమ్మే చిల్లర వ్యాపారికి ఆ 20 కిలోమీటర్లు అదనం. పోను రాను 40.

రెండూ సమానమే కదా అనిపిస్తుంది. కాదు. లారీలో 10 టన్నులు వస్తాయి, ఆటో ట్రాలీలో అర టన్నే. ఉదాహరణకు ట్రాలీకి అదనంగా 800 రూపాయలు అయిందనుకుందాం. 500 కిలోల సరుకు మీద పంచితే కిలోకు 1 రూపాయి 60 పైసలు. లారీకి అదే దూరానికి 1,500 రూపాయలు మిగిలిందనుకున్నా, 10,000 కిలోల మీద పంచితే కిలోకు 15 పైసలే. అంటే టోకు మార్కెట్ బయటికి పోతే పెద్ద బండికి మిగిలేది తక్కువ, చిన్న బండికి పెరిగేది ఎక్కువ. ఆ తేడా చివరికి మీ వీధి చివర బండి మీద పండ్ల ధరలో చేరుతుంది. చిన్న వ్యాపారులు నలుగురైదుగురు కలిసి ఒక డీసీఎం మాట్లాడుకోవడం అందుకే.

రైతు వైపు చూస్తే రవాణా కంటే పెద్ద బాధ కమీషన్. పండ్లు, కూరగాయలపై నిబంధన ప్రకారం కమీషన్ 4 శాతం. రకరకాల పేర్లతో అంతకు మించి కోస్తున్నారన్నది రైతుల పాత ఫిర్యాదు. కూలి, తరుగు, పేపరు ఖర్చు, ఇలా తక్‌పట్టీలో ఒక్కో గీతా ఒక్కో కోత. తక్‌పట్టీ అంటే అమ్మకం వివరాలతో ఏజెంటు రైతుకు ఇచ్చే చీటీ. దేశంలోని చాలా పండ్ల మార్కెట్లలో రుమాలు కింద వేళ్లు పట్టుకుని రహస్యంగా బేరమాడే పద్ధతి ఉంది. ధర పక్కవాడికి తెలియదు, ఒక్కోసారి సరుకు తెచ్చిన రైతుకూ తెలియదు. మార్కెట్ చిరునామా మారినంత మాత్రాన ఇవి మారవు. కొత్త యార్డులో ఎలక్ట్రానిక్ వేలం, కాటా దగ్గరే ముద్రించిన రసీదు పెడితేనే 178 ఎకరాలకు అర్థం. లేకపోతే పాత పద్ధతికి విశాలమైన కొత్త ఇల్లు కట్టినట్టే.

మరి ఆస్పత్రి సంగతి?

గడ్డిఅన్నారం టిమ్స్‌కు సుమారు 21 ఎకరాలు ఇచ్చారు. వెయ్యి పడకలు. మంజూరు సమయంలో వేసిన అంచనా సుమారు 900 కోట్ల రూపాయలు. మూడు ఆస్పత్రులకు కలిపి 2,679 కోట్లు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారేనాటికి భవనం పూర్తి కాలేదు. కొత్త ప్రభుత్వం పనులు కొనసాగించింది. నిర్మాణ బాధ్యత రోడ్లు, భవనాల శాఖది.

ఈ చోటుకు ఆస్పత్రి ఎందుకు ముఖ్యమో మ్యాపు చూస్తే తెలుస్తుంది. నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి అంబులెన్సులు వచ్చేది విజయవాడ హైవే మీదనే. ఎల్బీనగర్ దాకా బాగానే వస్తాయి. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్ దాటి ఉస్మానియాకో, ఇంకా ముందుకు నిమ్స్‌కో, గాంధీకో చేరాలి. గుండెపోటు, తలకు దెబ్బ, పక్షవాతం లాంటి కేసుల్లో ఈ చివరి పది కిలోమీటర్లే ప్రాణం తీస్తాయి. వనస్థలిపురం, మలక్‌పేటల్లో ప్రభుత్వ ఏరియా ఆస్పత్రులు ఉన్నా సూపర్ స్పెషాలిటీ వైద్యానికి అవి ఉద్దేశించినవి కావు. నగరం తూర్పు వైపు పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి లోటు నిజమైన లోటు.

అయితే భవనం వేరు, ఆస్పత్రి వేరు. వెయ్యి పడకలంటే మూడు షిఫ్టులకు సరిపడా నర్సులు, మత్తు వైద్యులు, క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్లు, రక్తనిధి, ఆక్సిజన్, వ్యర్థాల తరలింపు. పోస్టులు మంజూరు చేసేది ఆర్థిక శాఖ, భర్తీ చేసేది వైద్యారోగ్య శాఖ. రిబ్బన్ కత్తిరించిన రోజు నుంచి మీరు అడగాల్సిన ప్రశ్న 'ఎన్ని అంతస్తులు' అని కాదు, 'ఎన్ని పడకల దగ్గర సిబ్బంది ఉన్నారు' అని.

ట్రాఫిక్ తగ్గుతుందన్న ఆశ కూడా కాస్త తగ్గించుకోవాలి. మార్కెట్ రద్దీ రాత్రి, తెల్లవారుజామున, అదీ సీజన్‌లో ఎక్కువ. ఆస్పత్రి రద్దీ ఏడాది పొడవునా, పొద్దున ఓపీ వేళకు, సరిగ్గా ఆఫీసులకు వెళ్లే సమయానికి ఉంటుంది. స్టేషన్ దగ్గర్లోనే ఉండటం పెద్ద ఊరట. స్టేషన్ నుంచి ఆస్పత్రి లోపలికి వీల్‌చెయిర్ వెళ్లేలా దారి ఉందా లేదా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మోకాళ్లు అరిగిన మీ అమ్మను తీసుకెళ్లేటప్పుడు అదే పెద్ద విషయం.

మనకంటే ముందు కదిలినవాళ్లు

చెన్నైలో కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్‌తో తెలుగువారికి చాలా పాత బంధం. అక్కడి వ్యాపారం 1996లో కోయంబేడుకు మారింది. అప్పుడు కోయంబేడు శివారు. ఇప్పుడు అది నగరంలో కలిసిపోయింది, పక్కనే మెట్రో ఉంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు దాన్నీ తాత్కాలికంగా తిరుమళిసైకి పంపాల్సి వచ్చింది. ప్యారిస్‌లో 1969లో లే హాల్ మార్కెట్‌ను నగరం బయట రంజీస్‌కు తరలించారు. పాత చోట భూగర్భ షాపింగ్ మాల్ కట్టి, దాన్నీ మళ్లీ మార్చి కట్టాల్సి వచ్చింది. టోకు మార్కెట్లు నగరం అంచునే ఉండాలి కాబట్టి, అంచు జరిగినప్పుడల్లా అవీ జరుగుతాయి. కొహెడకూ ఆ రోజు వస్తుంది.

హైదరాబాద్‌లోనే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ ఒక మంచి పని చేసింది. రోజూ పోగయ్యే కూరగాయల వ్యర్థాలతో బయోగ్యాస్, కరెంటు తయారు చేసే ప్లాంటు పెట్టుకుంది. 2021 జనవరి మన్ కీ బాత్‌లో ప్రధాని దాన్ని ప్రస్తావించారు. పండ్ల మార్కెట్‌లో వ్యర్థాలు ఇంకా ఎక్కువ, తడి కూడా ఎక్కువ. కొత్త యార్డులో ఇది మొదటి రోజు నుంచే ఉండాలి, పదేళ్ల తర్వాత కాదు.

మీరు ఏం చూడొచ్చు, ఎలా అడగొచ్చు?

మీ ప్రాంతంలోనూ మార్కెట్, బస్ డిపో, పాత ఆఫీసు జాగా ఏదైనా 'డెవలప్‌మెంట్'కు ఇస్తున్నారని వింటే ముందు జీవో వెతకండి. తెలంగాణ ప్రభుత్వ జీవోల వెబ్‌సైట్‌లో శాఖ, తేదీని బట్టి వెతకొచ్చు. ఎన్ని ఎకరాలు, ఏ శాఖ నుంచి ఏ శాఖకు, ఏ షరతులతో అన్నది అందులో ఉంటుంది. పత్రికలో వచ్చిన ఎకరాలకూ జీవోలోని ఎకరాలకూ తేడా ఉంటే, ఆ తేడా ఎక్కడికి పోయిందో అడగడం మీ హక్కు.

నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ వర్తిస్తుంది. ఆ దరఖాస్తులు కేంద్రం నడిపే పరివేశ్ పోర్టల్‌లో ఉంటాయి. నీళ్లు ఎక్కడి నుంచి, మురుగు ఎక్కడికి, ఎన్ని వాహనాలకు పార్కింగ్ అన్న వివరాలు బ్రోచర్ల కంటే ఈ దరఖాస్తుల్లోనే స్పష్టంగా దొరుకుతాయి.

అక్కడా దొరకకపోతే సమాచార హక్కు దరఖాస్తు. జిల్లా, రాష్ట్ర స్థాయి కార్యాలయాలకు ఫీజు 10 రూపాయలు, మండల స్థాయికి 5, గ్రామ స్థాయికి ఉచితం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే లేదా అసంపూర్తిగా వస్తే, మరో 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయొచ్చు. అక్కడా పని జరగకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు.

ప్రశ్న ఎంత చిన్నగా ఉంటే జవాబు అంత తేలిగ్గా వస్తుంది. 'పండ్ల మార్కెట్ తరలింపు పూర్తి వివరాలు ఇవ్వండి' అని రాస్తే ఫైలు పెద్దదంటూ తిప్పి పంపుతారు. మార్కెటింగ్ శాఖను అడిగేటప్పుడు 'బాటసింగారం జాగాకు ఇప్పటివరకు చెల్లించిన అద్దె ఎంత, ఒప్పందం ఏ తేదీ వరకు', 'కొహెడ యార్డు పనులకు విడుదలైన మొత్తం ఎంత, ఖర్చైంది ఎంత' అని విడివిడిగా అడగండి. ఆస్పత్రి గురించి వైద్యారోగ్య శాఖను 'మంజూరైన నర్సు పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని' అని అడగండి. ఒక్కో శాఖకు ఒక్కో దరఖాస్తు వేయండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. పోస్టులో పంపితే అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు దాచుకోండి. 30 రోజుల గడువు లెక్క మొదలయ్యేది దరఖాస్తు ఆ కార్యాలయానికి అందిన తేదీ నుంచే.